విమానం వచ్చేదాకా ఆరని పొయ్యి

యారాడ అత్త పోయింది. ఆవిడ కొడుకు మొన్న పొద్దున్నే గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చి కబురు చెప్పాడు. "అమ్మ ఎల్లిపోనాది. కొట్టుకాడ మా ఇంటిదానికి ఇంకా తెల్దు. నువ్వు కూడా రా" అన్నాడు.

ఆవిడ మాకు చుట్టం కాదు, అయినా నన్ను కోడలా అనే పిలిచేది. మేము కృష్ణా జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చినవాళ్ళం. ఆవిడది యారాడలో సముద్రం మీద చేపల వేట చేసే ఇల్లు. విమానాశ్రయం గేటు బయట ఆవిడ టీకొట్టు. వచ్చేది రోజుకొక్క విమానమే, అయినా దాని కోసం శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి, ఒరిస్సా కొండల అవతల నుంచి కూడా జనం మా ఊరికే రావాలి. వాళ్ళంతా ముందు అత్త బల్ల మీద కూర్చున్నవాళ్ళే. "ఆకాసానికి కూడా ఓ రేవు కావాల కదేటి!" అనేది.

ఆవిడకొక పట్టింపు ఉండేది. రావలసిన విమానం దిగేదాకా పొయ్యి ఆర్పేది కాదు. వాళ్ళింట్లో మగవాళ్ళు వేటకు వెళ్తే తెప్ప ఒడ్డుకు చేరేదాకా అంతేనట. "పొయ్యి ఆరిపోతే ఒచ్చినోలికి ఏన్నీల్లు ఎవులిత్తారు?" అనేది. లోపల పనిచేసే ఉద్యోగి ఒకాయన, "నీ పొగ చూసుకునే దిగుతోందా అత్తా విమానం?" అని ఆటపట్టిస్తే, "నీకు టీ కావాలా, నేదా?" అని గ్లాసు వెనక్కి లాగేది.

ఒక వానాకాలం అమ్మ హైదరాబాదులో గుండె ఆపరేషన్ చేయించుకుని నాన్నతో తిరిగి వస్తోంది. నేను కొట్టు దగ్గర ఎదురుచూస్తున్నాను. మబ్బుల పైన విమానం చప్పుడు వినిపించింది. అక్కడక్కడే తిరిగింది. చివరికి దూరమైపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏటి కోడలా, ఏడుత్తన్నావ్? ఒడ్డు కనపడకపోతే తెప్ప ఎనక్కెల్లదా? ఎనక్కెల్లడం కూడా సేతనవ్వాల" అంటూ అత్త నా చేతిలో గ్లాసు పెట్టింది. విమానం క్షేమంగా హైదరాబాదులో దిగిందని లోపలి నుంచి తెలిసేదాకా పొయ్యిలో బొగ్గులు వేస్తూనే ఉంది. మర్నాడు అమ్మ వచ్చి మొదట తాగింది ఆవిడ చేతి టీనే. ఆ రోజు అత్త లేకపోతే నేనేమైపోయేదాన్నో.

మొన్న మేం వెళ్ళేసరికి ఆవిడ కోడలు పొయ్యి దగ్గర ఉంది. సంగతి విని కూలబడిపోయింది. మాతో వచ్చిన వాళ్ళింటి పెద్దాయన, "సావొచ్చినోలు పొయ్యెట్టకూడదు. ఆర్పీయే" అన్నాడు.

కోడలు కళ్ళు తుడుచుకుని పైకి చూసింది. "ఇమానం ఇంకా రానేదు మావా."

పెద్దాయన వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. విమానం వచ్చింది. దిగినవాళ్ళకు కోడలు ఏడుస్తూనే టీ పోసింది. ఆ తరువాత కూడా పొయ్యిలో నీళ్ళు పోయలేదు. నిప్పులు ఇనప బొచ్చెలోకి ఎత్తి, పైన బూడిద కప్పి, కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆటో ఎక్కింది.

యారాడలో వాకిట మూడు రాళ్ళు పెట్టి, ఆ నిప్పులతోనే మంట రాజేసి, అత్త ఆఖరి స్నానానికి నీళ్ళు కాచాం. వేడి ఎంతుందోనని కోడలు వేలు ముంచి చూసింది.

"సాలు, దించీండి. అత్తకి ఇంత ఏడే ఇట్టం" అంది.