నోరు మూయని ఫోను

రోజారమణికి కోపం వస్తే పాళెం అంతా తెలిసేది. బోగోలు మండలంలో సముద్రానికి ఆనుకొని ఉన్న ఆ మత్స్యకారుల పాళెంలో ఆమె పదమూడేళ్లుగా ఆశా కార్యకర్త. టీకా వేయిస్తే జ్వరం వస్తుందని మనవరాలిని వంటింట్లో దాచిన ముసలమ్మను వీధిలోకి పిలిచి, అందరూ వినేలా అరిచిన మనిషి. తాగొచ్చి నిండు నెలల పెళ్లాం మీదికి తెడ్డు ఎత్తినవాడి చేతిలోంచి ఆ తెడ్డు లాక్కొని తన ఇంట్లో పెట్టుకుంది. మూడు రోజుల దాకా తిరిగివ్వలేదు.

అంత నోరున్న మనిషి, ఎవరింట్లో ఏ జబ్బుందో మాత్రం పక్కింటికి తెలియనిచ్చేది కాదు. సొంత మొగుడు అడిగినా, "నీకెందుకు?" అనేది.

పెంచల్ జబ్బు కూడా అలాగే దాచింది. అతను గంగులయ్య బోటులో వేటకు పోయే ఐదుగురిలో ఒకడు, ముప్పై నాలుగేళ్లవాడు. నెల తిరిగినా దగ్గు తగ్గకపోతే రోజారమణే అతన్ని కావలి ఆస్పత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయించింది. టీబీ అని తేలింది. నడుం పట్టేసిందని చెప్పి కొన్నాళ్లు ఇంట్లోనే ఉండి, డాక్టరు ఇక పోవచ్చన్నాకే మళ్లీ బోటెక్కాడు. మాత్రలు ఇంట్లో ఉంటే ఎవరి కంటనైనా పడతాయని రోజూ రోజారమణి ఇంటికొచ్చి మింగి పోయేవాడు. దారిలో ఎవరైనా అడిగితే బిడ్డ టీకా కార్డు కోసం అనేవాడు.

"అక్కా, బోటులో తెలిస్తే నన్ను ఎక్కనియ్యరు. నాకు వేట తప్ప ఇంకో పని రాదు" అన్నాడు మొదటి రోజే.

"నా నోట్లోంచి రాదు, పో" అంది రోజారమణి.

నిజంగానే ఆమె నోట్లోంచి రాలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం ఆమె రిజిస్టరునూ ఫోనునూ ఒకే చేత్తో గట్టిగా పట్టుకొని షేర్ ఆటో దిగింది. నాలుగడుగులు వేసిందో లేదో చేతిలో ఎవరో ఆడమనిషి మాట్లాడింది. రోజారమణి ఉలిక్కిపడి చూసింది. ఎవరూ ఫోన్ చేయలేదు. వీడియో కూడా లేదు. తెర మీద వేలు పెడితే "కెమెరా" అంది ఫోను. ఇంకోచోట పెడితే "సందేశాలు, తెరవడానికి రెండుసార్లు నొక్కండి" అంది. రేడియోలో వార్తలు చదివేంత గట్టిగా, ఎక్కడా తడుముకోకుండా, ముట్టుకున్న ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతోంది.

గొంతు తగ్గించాలని పక్కనున్న బటన్ నొక్కింది. రింగు తగ్గిందే గానీ మాట తగ్గలేదు. వేలితో తెరను పక్కకు జరపబోతే అది జరగలేదు. ఆపేద్దామని పవర్ బటన్ పట్టుకుంటే ఆపే గుర్తయితే వచ్చింది గానీ, దాన్ని నొక్కితే ఆ గుర్తు పేరు కూడా చదివి ఊరుకుంది. బ్యాటరీ పీకేద్దామంటే వెనక మూత ఊడే రకం కాదు. కొంగులో చుట్టింది. కొంగులోంచి కూడా మాట్లాడింది.

"ఏందే నీ బాధ? ఎవురడిగినారు నిన్ను?" అని రోడ్డు మధ్యలో నిలబడి ఫోనును తిట్టింది. రొయ్యల చెరువు పనికి పోతున్న ఆడవాళ్లు ఆగి చూసి నవ్వారు. "రోజారమణక్కకు జోడీ దొరికింది మే" అని ఒకామె అంటే మిగతావాళ్లు ఇంకా నవ్వారు.

బోట్లవాళ్లకు దారి చూపే మిషన్లూ, ఫోన్లూ బాగా తెలుసని ఆమె నేరుగా ఒడ్డుకు నడిచింది. గంగులయ్య బోటు అప్పుడే వచ్చింది. వలలోంచి కవళ్ల చేపలు దులుపుతున్నారు. పెంచల్ కూడా అక్కడే ఉన్నాడు.

"మామా, దీని నోరు ముయ్యించు. నా తల పగిలిపోతాంది" అని ఫోను గంగులయ్య చేతిలో పెట్టింది.

గంగులయ్య చేతులు లుంగీకి తుడుచుకొని తెర మీద పొడిచాడు. ఫోను "గడియారం" అంది. మళ్లీ పొడిస్తే "టార్చి" అంది. వల దులిపేవాళ్లు పని ఆపి చుట్టూ చేరారు. తలా ఒక మాట చెప్పారు. ఆ సందులో టింగుమని ఒక మెసేజి వచ్చింది. ఎవరూ ఏమీ నొక్కకుండానే ఫోను దాన్ని చదవడం మొదలుపెట్టింది.

"ల్యాబ్. పెంచల్, టీబీ, రెండు నెలల కఫం పరీక్ష రిపోర్టు..."

రోజారమణి ఫోను లాక్కుంది. మెసేజిని తీసేద్దామని దాని మీద వేలు పెట్టింది. వేలు పెట్టగానే ఫోను మళ్లీ మొదటి నుంచి, ఒక్కో మాటా విడమరిచి చదివింది. "ల్యాబ్. పెంచల్, టీబీ, రెండు నెలల కఫం పరీక్ష రిపోర్టు వచ్చింది. వచ్చి తీసుకెళ్లగలరు."

పెంచల్ పక్కన నిలబడి ఉన్నవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగును అందరూ చూశారు, పెంచల్ కూడా చూశాడు. చేతిలోని వల కింద పెట్టి రోజారమణి వైపు తిరిగాడు.

"చెప్పినాను గదక్కా నీకు" అన్నాడు. అంతే. చెప్పులు కూడా వేసుకోకుండా ఇసుకలో పడి ఇంటి వైపు వెళ్లిపోయాడు.

రోజారమణి ఫోనును ఇసుకలోకి విసిరికొట్టింది. అది బోర్లా పడి "స్క్రీన్ ఆఫ్" అంది.

ఆ మధ్యాహ్నమే ఆమె కావలి వెళ్లింది. బస్సులో ఫోనును తువ్వాలులో చుట్టి సంచి అడుగున పెట్టినా దారిలో రెండుసార్లు గొణిగింది. బజారులో మస్తాన్ అని ఫోన్లు బాగుచేసేవాడికి ఇస్తే అతను ఇసుక తుడిచి, పక్కనున్న గొంతు పెంచే, తగ్గించే రెండు బటన్లనూ కలిపి నొక్కిపట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఫోను మూగబోయింది.

"అంతేనా?" అంది రోజారమణి.

"అంతే అక్కా. గట్టిగా పట్టుకున్నప్పుడు ఈ రెండూ నొక్కుకోనుంటాయి. ఎప్పుడన్నా ఏదో అడిగితే సరే అని నొక్కినావేమో?"

"అది దినామూ ఏదో ఒకటి అడగతానే ఉంటది. సరే అనకపోతే ముందుకే పోదు గదా!"

"కళ్లు కనపడనోళ్ల కోసం పెట్టినారక్కా ఇది. మా మేనమామ దీంతోనే ఫోను వాడతాడు."

"వాడుకోనీ. మంచిదే. నా చేతిలో అడక్కుండా మాట్లాడేటప్పుడు, నోరు ముయ్యించే దారి కూడా అదే నోటితో చెప్పాల గదా! మూడు సెకండ్ల పనికి ఒక మనిషి బతుకు బజారున పడిందబ్బయా!" ఆమె గొంతుకు పక్క దుకాణంవాడు తల బయటపెట్టి చూశాడు. మస్తాన్ ఆ రెండు బటన్లనూ ఆమె చేత నాలుగుసార్లు నొక్కించి, ఆన్ చేసి ఆఫ్ చేసి చూపించి పంపాడు.

అక్కణ్నుంచి ల్యాబ్‌కు పోయి రిపోర్టు తీసుకుంది. కఫంలో క్రిములు లేవు. మందు పనిచేస్తోంది. పొద్దున ఈ కాగితం చేతికొచ్చి ఉంటే పెంచల్ ఇంటికి పరిగెత్తేది. ఇప్పుడు ల్యాబ్ కుర్రవాడి మీద విరుచుకుపడింది.

"పేరూ జబ్బూ కలిపి మెసేజి పెడతావా?"

"మీ ఫోనుకే గదా మేడం పంపింది."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకొని బయటపడింది. పెంచల్ అక్కడున్నాడని తెలిసి కూడా ఫోనును పదిమంది మధ్యకు పట్టుకుపోయింది తనే కదా అని తిరుగు బస్సులో దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది.

సాయంత్రం గంగులయ్య ఇంటి ముందు నలుగురూ కూర్చొని వల బాగుచేస్తున్నారు. పెంచల్ లేడు.

"వాణ్ని ఇంక వద్దన్నాం రోజా. మాకూ బిడ్డలుండారు" అన్నాడు గంగులయ్య తల ఎత్తకుండా.

రోజారమణి రిపోర్టు తీసి అతని ముందున్న వల మీద పెట్టింది. "చదువు. రాకపోతే నీ కొడుకును పిలిచి చదివించు. క్రిములు లేవు వాడికి. అంటుకునే రోజుల్లో నడుం నొప్పని అబద్ధం చెప్పి ఇంట్లో కూర్చున్నాడు, మీ కోసం. మూడేళ్లుగా నీకన్నా ఎక్కువగా నీ వల లాగినాడు. రెండు నెలలుగా మందు మింగతాండాడని కూడా మీకు ఫోను చెప్పింది. మీకు దాంట్లో జబ్బు పేరొక్కటే వినపడింది!"

"ఫోను నీదేగా చెప్పింది" అన్నాడు వెనక్కి అడుగేసినవాడు.

"నాదే. తప్పు నాదే. కాళ్లు పట్టుకోవాల్సింది వాడివి, నేను పట్టుకుంటా. మీరేం చేస్తారో చెప్పండి. భయమైతే రేపు పొద్దున నాతో కావలి రండి, నలుగురికీ పరీక్ష చేయిస్తా. రాకుండా ఇక్కడే కూర్చొని వాణ్ని వద్దంటే మాత్రం, మీ ఇళ్లల్లో కాన్పొచ్చినా జ్వరమొచ్చినా... " అని ఆగింది. రానని అనబోయింది. అలా రాకుండా తను ఉండలేదని ఆమెకే తెలుసు. "వస్తాను. వచ్చి ప్రతిసారీ ఇదే అడగతాను" అంది.

మర్నాడు ముగ్గురు వచ్చారు. ఎవరికీ ఏమీ లేదు. నాలుగోవాడు రాలేదు. అయినా పెంచల్‌ను మళ్లీ బోటులోకి ఎవరూ పిలవలేదు.

పెంచల్ మాత్రలకు రావడం మానేశాడు. రోజారమణే అతని ఇంటికి పోయింది. అతని భార్య బిందు గుమ్మానికి అడ్డం నిలబడింది. "నువ్వు రావద్దక్కా. నువ్వొస్తే ఎందుకొచ్చినావో అందరికీ తెలస్తది ఇప్పుడు" అంది. రోజారమణి ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించింది.

"అందరికీ తెలిసిపొయింది గదమ్మా, నా వల్లే తెలిసింది. నన్ను ఎంతన్నా తిట్టు. మధ్యలో ఆపితే మాత్రం జబ్బు మొండికేస్తది. మాత్రలు మింగించు."

లోపల్నుంచి పెంచల్ వచ్చి చెయ్యి చాచాడు. ఆమె ముందే మింగి లోపలికి పోయాడు. మిగిలిన నాలుగు నెలలూ అలాగే జరిగింది. ఆ నాలుగు నెలల్లో అతను ఆమెతో మాట్లాడిన మాటలు పది ఉండవు. చివరి పరీక్షలోనూ క్రిములు లేవని తేలిన రోజు కాగితం తీసుకొని, "సరేక్కా" అన్నాడు.

ఆశాల నెలవారీ మీటింగులో రోజారమణి లేచి, పేరూ జబ్బూ కలిపి మెసేజిలు పెట్టడం ఆపేదాకా కూర్చోనని అరగంట నిలబడింది. చివరికి పేర్లకు బదులు రోగుల నంబర్లు మాత్రమే పంపుతామని పైవాళ్లు రాసిచ్చారు. మిగతా ఆశాలందరి చేతా ఆ రెండు బటన్లూ నొక్కించింది.

ఎండాకాలపు వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ సముద్రంలోకి పోయేటప్పటికి పెంచల్ పక్క పాళెంలో ఒక బోటులో చేరిపోయాడు. గంగులయ్యకు మనిషి దొరకలేదు. ఒక సాయంత్రం రోజారమణి ఇంటికి వచ్చాడు.

"రోజా, నువ్వు చెప్తే వింటాడు. రమ్మని ఒక మాట చెప్పు."

"నేను చెప్పను మామా" అంది రోజారమణి. "వద్దన్నది నువ్వు. రమ్మనేది కూడా నువ్వే చెప్పుకో, వాడి గుమ్మం ముందు నిలబడి."

గంగులయ్య వెళ్లిపోయాడు. పెంచల్ గుమ్మం దాకా మాత్రం పోలేదు. పెంచల్ ఇప్పటికీ పక్క పాళెం బోటులోనే వేటకు పోతున్నాడు.