ఎత్తిపోతల ప్రయాణం, నా నారికురుపు

యుద్ధం రోజులు. దసరా సెలవులకు అన్నయ్యా వదినా గుంటూరు నుంచి మాచర్లలో మా ఇంటికి వచ్చారు. ఎత్తిపోతల జలపాతం చూద్దామని మొదట అన్నది నేనే. ఎవరి బండి అడగాలో, పులిహోర ఎప్పుడు కలపాలో అన్నీ అనుకున్నాక నా మడమ పక్కన నారికురుపు లేచింది. నూలుపోగులాంటి పురుగు బయటికొస్తుంటే నాయనమ్మ దాన్ని పుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగేది.

"కదిలావో, నారి తెగుద్ది. కాలు చెడుద్ది," అనేది.

నేను మంచానికి అతుక్కుపోయాను. వాళ్ళు నా చుట్టూ కూర్చునే దారి సంగతులు మాట్లాడుకునేవాళ్ళు.

"బండిలోనే కూర్చుంటా, దిగను," అని బతిమాలాను.

"బండి కుదుపుకే తెగుద్దే," అంది వదిన.

వాళ్ళు తెల్లవారుజామున వెళ్ళి దీపాలవేళకు తిరిగొచ్చారు. తడిబట్టలు ఆరేస్తూ కూడా జలపాతం ఊసెత్తలేదు. నేను బాధపడతానని అందరూ గొంతు తగ్గించారు. కురుపు సలుపుకన్నా అదే భరించలేకపోయాను.

"నేనేమన్నా చచ్చానా? ఆ గుసగుసలేంది? చెప్పండి!" అని అరిచాను.

వదిన ఆరని జుట్టుతోనే వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"చానా హోరు, అమ్మాయ్. పక్కనే ఉన్న మీ అన్న మాట కూడా వినపడలా," అని మొదలుపెట్టింది. నాయనమ్మ అన్నానికి పిలిచినా వదిన లేవలేదు.