చక్రాల కుర్చీ గది తాళం

ఈ ఉదయం మా అమ్మమ్మకు డయాలసిస్ తప్పిపోయింది. విశాఖ ఆసుపత్రిలో ఈ రోజే ఆమె వంతు.

రాయగడకు ఇవతల ఉన్న మా చిన్న స్టేషన్‌లో పూర్వం ఒకటే లైను. నీడ, కుళాయి, బెంచీలు ఇప్పటికీ ఆ పాత ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి. రెండో లైను పడ్డాక అవతల కట్టిన ప్లాట్‌ఫారం మీద గడ్డి తప్ప ఏమీ లేదు. అందుకే మా ఊళ్లవాళ్లంతా ఇవతలే కూర్చుని, కూత వినగానే పట్టాలు దాటి పరుగెడతారు.

మేమూ అలాగే కూర్చున్నాం. బండి అవతలికి వచ్చింది. వాచిన కాళ్లతో అమ్మమ్మ లేవలేకపోయింది. ఎత్తుకోబోతే ఊపిరాడక గింజుకుంది. చక్రాల కుర్చీ ఉంటే ప్లాట్‌ఫారం చివర పట్టాలు దాటే దారి గుండా తీసుకెళ్లవచ్చు.

కుర్చీ ఏదని పోర్టరు మీద అరిచాను.

“కుర్చీ ఆ గదిలోనే ఉంది బాబూ. తాళం మా టేసను పెద్దాయన కాడుంది. ఏటి సేస్తాం, ఆయన ఆ బండే ఎక్కేసేడు!”

బండి వెళ్లిపోయింది.

“అరవకురా, గొంతెండిపోతాది. రేపెల్దాం,” అంది అమ్మమ్మ. రేపు వంతు దొరుకుతుందో లేదో చెప్పలేమన్నారు ఆసుపత్రివాళ్లు.

నేను ఊరూరా పంచే ప్రయాణికుల హక్కుల కరపత్రాలు నా సంచిలో కట్టెడు ఉన్నాయి. ఆయాసపడుతున్న ఆమెకు వాటితోనే విసిరాను.

మీ స్టేషన్‌లో ఆ తాళం ఎవరి దగ్గరుంటుందో ఈ పోస్టు కింద రాయండి. మా అమ్మమ్మను అక్కడికే తీసుకొస్తాను.