అందరూ కూర్చునే పడవ

అన్న పోయాడని వదిన ఫోన్ చేసింది. కిడ్నీలు చెడి పది రోజులు కరీంనగర్ దవాఖానలో ఉన్నాడు. కన్నీళ్లు తర్వాత వచ్చాయి. ముందు నాకు కలిగింది అసూయ. దీంట్లో కూడా నాకంటే ముందే వెళ్లిపోయాడే అనుకున్నాను. పోయినవాడి మీద అసూయేమిటని మీరు అడగవచ్చు. పదకొండేళ్ల అలవాటు, ఒక్క ఫోనుతో పోదు.

ఆయన నాకు తోడబుట్టిన అన్న కాదు. గోదావరిఖనిలో ఒకే బొగ్గుబావిలో, ఒకే షిఫ్టులో పనిచేశాం. ఒకే రోజు గని పైకప్పు మా ఇద్దరి మీదా కూలింది. ఇద్దరికీ నడుం కింద స్పర్శ లేకుండా పోయింది. దవాఖానలో పక్కపక్క మంచాలు. అక్కడిదాకా ఇద్దరం సమానం.

తర్వాత నేను క్వార్టరు వరండాలో కూలబడ్డాను. ఆయన గోదావరికి వెళ్లాడు. చికిత్సకు వేరే ఊరు పోయినప్పుడు, అక్కడి చెరువులో కాళ్లు కదలనివాళ్లు పడవ నడపడం చూశాడట. తిరిగొచ్చి చేపలు పట్టేవాళ్లను బతిమాలి ఒక చిన్న పడవ సంపాదించాడు. బోల్తా పడకుండా రెండు పక్కలా ప్లాస్టిక్ డబ్బాలు కట్టించాడు. వెన్ను ఆనడానికి పలక బిగించాడు, పుండ్లు పడకుండా కింద మెత్త వేశాడు. లైఫ్ జాకెట్ లేకుండా, పక్కన ఇంకో పడవ లేకుండా ఎన్నడూ దిగలేదు. ఒడ్డుకు రాగానే చేతి అద్దంలో పాదాలు చూసుకునేవాడు. దెబ్బ తగిలినా తెలియని కాళ్లకు కళ్లే కావలి అనేవాడు.

నా భార్య ఓసారి చూసొచ్చి, అన్న నీళ్ల మీద ఎంత హాయిగా ఉన్నాడో అన్నం పెడుతూ చెప్పింది. కూర చప్పగా ఉందని ఆమెను కసిరాను.

ప్రతి ఆదివారం నన్నూ పిలిచేవాడు. డాక్టరు వద్దన్నాడని చెప్పేవాణ్ని. అది అబద్ధమని ఆయనకు తెలుసు. అయినా మళ్లీ ఆదివారం పిలిచేవాడు.

తాను పడవ నడుపుకుని ఊరుకున్నా బాగుండేది. తెడ్డు, లైఫ్ జాకెట్ ఆటోలో వేసుకుని బసంత్‌నగర్ బస్టాండుకు, అంగళ్లకు, బడులకు తిరిగాడు. నడవలేని పిల్లలను ఇళ్లల్లో దాచకండి, నీళ్ల ఆటలు వాళ్లకూ ఉన్నాయని చెప్పేవాడు. కమాన్‌పూర్ బడికి నన్నూ లాక్కుపోయాడు. అక్కడ ఒక తండ్రి, కాళ్లు లేనివాడికి నీళ్లల్లో ఏం పని అని అడిగాడు. అతని కూతురు పక్కనే చక్రాల కుర్చీలో ఉంది.

"నీళ్లు కాళ్లు అడుగుతయా తమ్మీ?" అన్నాడు అన్న. "ఒడ్డు మీద మీరు నిలవడ్తరు, మేం కూసుంటం. పడవల అందరు కూసునుడే."

పిల్లలు చప్పట్లు కొట్టారు. తిరుగు దారిలో నేను ఉక్రోషం ఆపుకోలేక, నీకు చప్పట్ల మోజు పట్టిందన్నాను.

"అవు తమ్మీ, మోజే. నువ్వు గూడ జర కొడితె ఇంకా మంచిగుంటది."

నేను కొట్టలేదు.

ఆయన పోయి వారం తిరక్కుండానే ఆ తండ్రి నాకు ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం పిల్లను పడవ ఎక్కిస్తానని దవాఖానలో చేరకముందే అన్న మాటిచ్చాడట. చేపలవాళ్లు ఆమె కోసం డబ్బాలు కట్టిన ఇంకో చిన్న పడవ సిద్ధం చేశారట. తండ్రికే ధైర్యం చాలడం లేదు.

"మీ అసోంటోళ్లు ఒకరు ముందుగాల దిగితెనే పంపుత" అన్నాడు.

కుదరదని చెప్పబోయాను. నేను ఏమంటున్నానని తండ్రిని అడుగుతున్న పిల్ల గొంతు ఫోనులో వినిపించింది. వస్తానని చెప్పాను.

ఆదివారం లైఫ్ జాకెట్ తొడిగి, నలుగురు పట్టుకుని నన్ను అన్న పడవలోకి దింపారు. పదిసార్లు తెడ్డు వేసేసరికి పడవ నేను తిప్పిన వైపు తిరిగింది. వరండా మెట్లు దిగడానికి ఇద్దరి సాయం కావాలి నాకు. ఇక్కడ ఎవరూ పట్టుకోలేదు. అప్పుడు కలిగింది సంతోషం కాదు. అన్న మీద ఎన్నడూ లేనంత అసూయ. ఇన్నేళ్లు ప్రతి ఆదివారం ఇది ఆయనకు దక్కింది. పిలిచినా నేనే రాలేదు. ఆ అసూయతోనే, తెడ్డు ఒడిలో పెట్టుకుని, ఆయనకు దండం పెట్టుకున్నాను.

అంతలో ఆ పిల్ల పడవ నన్ను దాటిపోయింది. వెంట చేపలవాళ్ల పడవ. ఒడ్డున ఆమె తండ్రి చెప్పులు చేతబట్టుకుని, కూతురితో సమానంగా నడుస్తున్నాడు. బురద మొదలైన చోట ఆగిపోయాడు. పిల్ల ఆగలేదు.