రొట్టె తినని యుస్తీన

యుస్తీన రేగెర్ ముప్పయ్యొక్క ఏళ్ళపాటు సంఘానికి రొట్టె చేసింది. నెలలో మొదటి ఆదివారం బల్ల మీద పెట్టి విరిచే రొట్టె అది. అందులో ఒక్క ముక్క కూడా ఆవిడ నోట్లో పెట్టుకోలేదు. మొదటి సంగతి లోయంతా ఎరుగును. రెండోది ఎవరూ గమనించలేదు. పళ్ళెం వరసలు దాటి దగ్గరకొచ్చే వేళకి ఆవిడ లేచి, పొయ్యి చూసి వస్తానని వెనక గదిలోకి వెళ్ళేది. ఎండాకాలమైనా అంతే. జూలైలో ప్రార్థన ఇంట్లో పొయ్యేమిటని ఎవరికీ తోచలేదు. పొయ్యిలు కట్టుకు బతికే నాకే తోచలేదంటే ఇంకొకళ్ళని అని లాభం లేదు.

కిర్గిజ్‌ల దేశంలో, ఈ చూయ్ లోయలో నేను తిరగని ఊరు లేదు. పొయ్యి కట్టించుకునే తీరు చూసి మనుషుల్ని పోల్చుకోవచ్చు. రష్యావాళ్ళకి పొయ్యి మీద పడుకోవడానికి అరుగు కావాలి. కిర్గిజ్ ఇళ్ళలో టీ నీళ్ళు త్వరగా కాగితే చాలు, తక్కిందేదీ అడగరు. తాతల నాడు ఇక్కడికొచ్చి స్థిరపడ్డ జర్మన్‌వాళ్ళ ముసలమ్మలు మాత్రం పక్కనే నిలబడి ప్రతి ఇటుకా తట్టి చూస్తారు. వాళ్ళకి రొట్టె సమంగా కాలాలి, పొగ ఒక్క పోగైనా గదిలోకి రాకూడదు. ఒకావిడ నా చేత గొట్టం మూడుసార్లు విప్పించింది. సరే, ఆవిడ కథ వేరు.

రెండువేల నాలుగు సెప్టెంబరు ఆఖర్లో యుస్తీన కబురంపింది, పొయ్యి కప్పు పగిలింది, ఆదివారం రొట్టె విరిచే రోజు, వెంటనే రమ్మని. బుధవారం వెళ్ళాను. అప్పటికి ఆ ఊళ్ళో జర్మన్‌వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. తొంభైల మొదట్లో వీధులకి వీధులే మూటలు కట్టుకుని జర్మనీ వెళ్ళిపోయాయి. ప్రార్థన ఇల్లు మాత్రం ఖాళీ కాలేదు. కొత్తగా నమ్మిన కిర్గిజ్‌లూ రష్యన్లూ అందులో చేరారు. గొర్రెల వైద్యుడు ఉలార్‌బెక్ సంఘపెద్ద అయ్యాడు. పాత రాగాల్లో కొత్త మాటలు పాడుకునేవారు. యుస్తీనకి పెళ్ళి కాలేదు. అక్క కూతుళ్ళు రమ్మని ఎన్ని ఉత్తరాలు రాసినా, "ఈ పొయ్యి సూట్‌కేసులో పట్టదు" అని జవాబు రాసేది.

ప్రార్థన ఇంటి కిటికీ కింద, బయట, ఒక బెంచీ ఉండేది. ప్రతి ఆదివారం దాని మీద కొర్నీ బోష్‌మన్ కూర్చునేవాడు. కమ్మరి. వానొస్తే గోనెపట్టా కప్పుకునేవాడు, మంచు పడితే దులిపి కూర్చునేవాడు. ఆయన్ని డెబ్భై మూడులో సంఘం వెలివేసింది. ఉలార్‌బెక్ పెద్ద అయిన మొదటి వారమే బయటికెళ్ళి, "తాతా, లోపలికి రా, మాకెవరికీ నీ మీద ఏమీ లేదు" అన్నాడు. "మీకు లేకపోతే మీరు తియ్యలేరుగా. నన్ను పంపినవాళ్ళు పిలవాలి" అన్నాడు కొర్నీ. పంపినవాళ్ళు జర్మనీలోనో మట్టిలోనో ఉన్నారు. అప్పుడు వెలివెయ్యమని చెయ్యెత్తినవాళ్ళలో ఊళ్ళో మిగిలింది యుస్తీన ఒక్కతే. ఆవిడ ఇల్లు కొర్నీ ఇంటికి సరిగ్గా ఎదురు.

పగిలిన ఇటుకలు నేను ఊడదీస్తుంటే ఆవిడ బకెట్లో మట్టి కలుపుతోంది.

"నిన్న ఐచురెక్ వచ్చింది" అంది. ఐచురెక్ కొర్నీ కోడలు, కిర్గిజ్ పిల్ల. "మావగారికి పాలల్లో నానబెట్టడానికి మెత్తటి రొట్టె కావాలంది. మొన్న ఆదివారం బెంచీ మీద లేడు చూశావా? ఊపిరి ఆడ్డం లేదట. మంచు పడేదాకా ఉంటాడేమో అన్నాడట డాక్టరు."

"ఎనభై దాటాయిగా, అక్కయ్యా."

"వయసు గురించి కాదయ్యా నేను చెప్పేది."

మట్టి కలపడం మానేసింది. ఆ తర్వాత చెప్పిందంతా నేను కొలిమిలో తల పెట్టినవాడిలా పొయ్యి లోపలే ఉండి విన్నాను. బయటికి వస్తే ఆగిపోతుందేమోనని భయం.

డెబ్భై మూడులో, సోవియట్ కాలం అది, సంఘానికి సర్కారు కాగితం లేదు. కూడడం నేరం. పెంతెకొస్తు పండగకి మూడు ఊళ్ళ నుంచి ఎనభైమందిని అప్పటి సంఘపెద్ద గోర్జెన్ పెద్దాయన పశువుల కొట్టంలోకి పిలిచారు. రొట్టెల పని యుస్తీనది. పెద్ద ఉండ మీద చిన్న ఉండ కూర్చోబెట్టి కాల్చే జంట బన్నులు, నాలుగు వందలు. పిండి బస్తా కోసం కల్‌హోజ్ అనే ఉమ్మడి సేద్యం వాళ్ళ కొట్టుకి వెళ్ళింది. కొట్టులో ఉండే క్లావ్దియ నవ్వుతూ, "బస్తా ఎందుకే, పెళ్ళా? చివరికి నీదేనా?" అంది.

అవునని నవ్వేస్తే అయిపోయేది. కానీ యుస్తీన పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదు. ఆ ఇళ్ళలో పిల్లలు నడక కంటే ముందు నేర్చేది అదే. "పెళ్ళి కాదు. ఆదివారం గోర్జెన్ గారి కొట్టానికి చుట్టాలొస్తున్నారు" అంది.

ఆదివారం మొదటి పాట సగంలో ఉండగా రెండు జీపులు వచ్చాయి. గోర్జెన్ పెద్దాయనకి మూడేళ్ళు జైలు పడింది. ఊపిరితిత్తులు అక్కడే వదిలేసి వచ్చాడు, మరుసటి ఏడాదే పోయాడు. ఆయన్ని తీసుకెళ్ళిన ఏడాది శరదృతువులో, ఉప్పందించింది ఎవరని సంఘం కూర్చుంది. కొర్నీ కూతురు బళ్ళో పార్టీ పిల్లల ఎర్రగుడ్డ మెడకి కట్టుకోనంది. దాని గురించి ఆయన్ని మూడుసార్లు జిల్లా ఆఫీసుకి పిలిపించారు. అక్కడ ఏం మాట్లాడావంటే, "ఏమీ మాట్లాడలేదు, అందుకే చెప్పడానికీ ఏమీ లేదు" అన్నాడు. మొండిమనిషి. ఆ మొండితనమే సాక్ష్యమైంది.

"కొర్నీ పేరు చదివినప్పుడు నాకు క్లావ్దియ కొట్టు కళ్ళ ముందుకొచ్చింది" అంది యుస్తీన. "బస్తా, త్రాసు, దాని నవ్వు, అన్నీ. లేచి చెప్పాలనే అనుకున్నాను. పక్కనున్నావిడ చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. ముప్పయిరెండు చేతులు. కొర్నీ వాళ్ళావిడ సూజ కూడా ఎత్తింది."

అబద్ధం ఆడకూడదని కొట్టులో నిజం చెప్పింది. నిజం చెప్పాల్సిన చోట చెయ్యెత్తి ఊరుకుంది. వెలివేసినవాడితో ఒక బల్ల మీద తినకూడదని ఆ సంఘం కట్టుబాటు. సూజ మాట తప్పని మనిషి. మొగుడికి రేకు పళ్ళెంలో వడ్డించి కిటికీ గట్టు మీద పెట్టి, తను బల్ల దగ్గర పిల్లలతో తినేది. పదకొండేళ్ళు. ఎనభై నాలుగులో పోయింది. అదంతా ఎదురింటి కిటికీలోంచి యుస్తీనకి రోజూ కనబడేది.

నేను బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాను. ఊళ్ళు తిరిగినవాడికి అన్నీ తెలుస్తాయని జనం అనుకుంటారు. నాకు గుర్తొచ్చింది ఒక్కటే, అదే చెప్పాను. ప్రభువుకి ద్రోహం చేసిన ఇద్దరు శిష్యులున్నారు. ఇద్దరూ ఒకే తెల్లవారుజామున కుమిలిపోయారు, ఇద్దరి ఏడుపూ నిజమే. ఒకడు ఒంటరిగా వెళ్ళిపోయి ఉరేసుకున్నాడు. రెండోవాడు కొన్నాళ్ళకి తడిబట్టలతో ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు, అక్కడ ప్రభువు బొగ్గుల మీద చేపలూ రొట్టే కాలుస్తున్నాడు. నాకు ఆ నిప్పంటే ఇష్టం. దాని దగ్గరికి నడిచి వెళ్ళడమే తేడా అనిపిస్తుంది.

"నీకు ప్రతిదీ పొయ్యిలాగే కనబడుతుందా?" అంది యుస్తీన. తర్వాత చేతులు కడుక్కుని, తలగుడ్డ మార్చుకుని, "నువ్వూ రా. సగం దారిలో వెనక్కి తిరిగేస్తానేమో" అంది.

సగం దారంటే ఎనిమిది అడుగులు. వీధి వెడల్పు దానికి రెట్టింపు, అంతే.

కొర్నీ మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు. ఛాతీలోంచి తిత్తి ఊదుతున్నట్టు చప్పుడు.

"ఓ, రొట్టెలావిడ! ముప్పయ్యొక్క ఏళ్ళు పట్టిందా రోడ్డు దాటడానికి? బళ్ళు ఎక్కువ తిరుగుతున్నాయా?"

యుస్తీన కూర్చోలేదు. "అన్నా, క్లావ్దియకి చెప్పింది నేను. పిండి కొన్నప్పుడు. నీ పేరు చదివినప్పుడు నాకు తెలుసు. తెలిసే చెయ్యెత్తాను."

"నాకూ తెలుసు" అన్నాడు కొర్నీ.

ఆ చలికాలం మేకుల కోసం కొట్టుకి వెళ్తే క్లావ్దియే ఏడుస్తూ చెప్పిందట, ఆఫీసరు అడిగితే బన్నులమ్మాయి చెప్పిన మాట బయటపెట్టేశానని.

"మరి ఎందుకు చెప్పలేదన్నా?" అంది యుస్తీన.

"చెబితే? ఆ ముప్పయిరెండూ నీ మీదకి లేస్తాయి. నాకు సుత్తి ఉంది, కొలిమి ఉంది. నువ్వు ఒంటిదానివి, ఆ జనం తప్ప నీకెవరూ లేరు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇలా అన్నానని నన్ను మంచివాణ్ణి చెయ్యకు. అది మొదటి ఏడాది మాట. తర్వాతదంతా పంతం. తనే రావాలి, తనే చెప్పాలి అని. ఎదురింటి దీపం చూస్తూ కూర్చున్నా. సూజకి నీ పేరు ఒక్కసారి చెప్పుంటే ఆ పళ్ళెం బల్ల మీదకొచ్చేది. చెప్పలేదు. నీ తప్పు నీది, నాది నాది, కలిపి కుట్టకు."

"నన్ను క్షమిస్తావా?"

"నా వంతు ఎప్పుడో అయిపోయింది, తీసుకో. సూజ వంతు నా దగ్గర లేదు. దాన్ని ఇద్దరం ప్రభువునే అడగాలి."

ఐచురెక్ టీ పట్టుకొచ్చి, ముగ్గురి మొహాలూ చూసి, కప్పులు పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం రొట్టె బాగా కాలింది. ప్రార్థన ఇంటి కిటికీ తెరిచి ఉంచారు. బయట బెంచీ మీద కొర్నీని కొడుకు తెచ్చి కూర్చోబెట్టాడు. రొట్టె విరవబోయే ముందు, ఎవరి మనసులోనైనా ఏదైనా ఉంటే చెప్పుకోమని ఉలార్‌బెక్ మామూలుగా అడిగాడు. మామూలుగా ఎవరూ లేవరు. యుస్తీన లేచి తన ఇంటి భాషలో గబగబా చెప్పేసింది.

"అక్కయ్యా, మాకర్థమయ్యేలా" అన్నాడు ఉలార్‌బెక్ మెల్లగా.

మళ్ళీ మొదటినుంచి రష్యన్‌లో చెప్పింది, పిండి బస్తా, కొట్టు, చెయ్యి. ఆ మనుషుల్లో సగం మంది అప్పటికి పుట్టనేలేదు. ఒక కుర్ర కోడలు పక్కావిడని, "గోర్జెన్ అంటే ఎవరు?" అని గుసగుసగా అడిగింది. యుస్తీన తిట్లకి సిద్ధపడి నిలబడింది. తిట్టడానికి ఎవరికీ ఏమీ గుర్తులేదు. అది తిట్లకన్నా ఎక్కువ బాధ పెట్టిందని తర్వాత నాతో అంది.

కొర్నీ తాతని లోపలికి పిలుద్దామా అన్నాడు ఉలార్‌బెక్. అందరూ చేతులెత్తారు. యుస్తీన తన కుడిచేతి వైపు చాలాసేపు చూసుకుంది. చివరికి ఎత్తింది.

"వినబడింది, వినబడింది" అన్నాడు కిటికీ బయటినుంచి కొర్నీ. "చెవులింకా పనిచేస్తున్నాయి."

కొడుకు భుజం పట్టుకుని లోపలికొచ్చి, మగవాళ్ళ వైపు మొదటి వరస చివర కూర్చున్నాడు. పళ్ళెం బయల్దేరింది. తన వరసకి వచ్చేసరికి, అలవాటు చొప్పున, యుస్తీన లేవబోయింది.

"యుస్తీనా" అన్నాడు కొర్నీ, వెనక్కి తిరక్కుండానే. "పొయ్యి ఈయన బాగుచేశాడుగా. కూర్చో."

కూర్చుంది. తీసుకుంది. నోట్లో పెట్టుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళింది మార్చిలో, మంచు కరిగాక, పొయ్యి ఎలా ఉందో చూడ్డానికి. కొర్నీ జనవరి ఆఖర్లో పోయాడు. సూజ పక్కనే పెట్టారు. యుస్తీన వాకిలి ఊడుస్తోంది. చిక్కిపోయింది. కూర్చోమంది. జంట బన్నులు రెండు ఒక రేకు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. అంచు సొట్టపడిన పాత పళ్ళెం.

"ఐచురెక్‌ని అడిగి తెచ్చుకున్నాను. పారేస్తారేమోనని" అంది. దాన్ని బల్ల మధ్యలో, నా ముందు పెట్టింది. బల్ల మీదే.

"రొట్టె తింటున్నావా అక్కయ్యా?"

"తింటున్నాను. తిననని ప్రభువు చేతిలోంచి తోసేస్తే అది ఇంకో పాపం, అన్నాడు ఉలార్‌బెక్. రోజూ పొద్దున సూజ గురించి అడుగుతున్నాను. అడగడం వరకే నా పని." కిటికీలోంచి ఎదురిల్లు చూసింది. "అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి" అంది. "కొర్నీ అన్న నాలుగుసార్లు తిన్నాడయ్యా. ముప్పయ్యొక్క ఏళ్ళకి నాలుగుసార్లు."

బన్ను పై ఉండ విరిచి సగం ఆవిడ చేతిలో పెట్టాను. ఇద్దరం ఆ పళ్ళెం దగ్గర కూర్చుని తిన్నాం.