పిల్లని ఎవరు పట్టుకోవాలి

కొరాపుట్‌లో మా పిల్లల వార్డు చివర చిన్న గది ఒకటి ఉండేది. సూదులు, సెలైన్ గొట్టాలు, రక్తపరీక్షలు అన్నీ అక్కడే. మంచం మీద ఉన్నంతసేపూ తనని ఎవరూ పొడవరన్న ధైర్యం పిల్లకి ఉండాలని ఆ ఏర్పాటు. ఎమ్మెస్సీ నర్సింగ్ పరిశోధనకి నేను తీసుకున్నది ఆ గదినే. సూది వేసేటప్పుడు పిల్లని ఎవరు పట్టుకుంటున్నారు, ఆ తర్వాత పిల్ల వాళ్ళతో ఎలా ఉంటోంది? ఇదీ నా ప్రశ్న. "ఇందులో తెలుసుకోవడానికేముంది, తల్లి పట్టుకుంటుంది" అన్నారు కాలేజీలో మా మేడమ్. చివరికి ఒప్పుకున్నారు.

మాది గునుపురం దగ్గర పల్లె. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ సేద్యం చేసుకుంటున్న కుటుంబం. వార్డులో డాక్టర్లు ఒడియాలో మాట్లాడేవారు, పొట్టంగి కొండల నుంచి వచ్చేవాళ్ళు తమ కొండభాష దేసియాలో. తెలుగువాళ్ళెవరొచ్చినా నా దగ్గరికే పంపేవారు. అలా వచ్చింది ఆ పిల్ల.

ఎనిమిదేళ్ళది. రక్తానికి కాన్సరు. అసలు వైద్యం విశాఖపట్నంలో జరిగేది. మధ్యలో జ్వరమొచ్చినా, రక్తం ఎక్కించాల్సి వచ్చినా దగ్గరని మా దగ్గరికి తెచ్చేవారు. జయపురంలో హోల్‌సేల్ కిరాణా కొట్టు వాళ్ళది. పిల్లతో పాటు ఎప్పుడూ ముగ్గురు వచ్చేవారు: తల్లి, తండ్రి, నానమ్మ. ముగ్గురిలో ఆ చిన్న గదిలోకి వచ్చేది తల్లి ఒక్కతే.

మందులకి నరాలు గట్టిపడిపోయి ఎక్కడా దొరికేవి కావు. ఒక చేతిలో వెతికి, రెండో చేతిలో వెతికి, చివరికి పాదం దగ్గరికి వెళ్ళేవాళ్ళం. తల్లి పిల్ల మోకాళ్ళ మీద అడ్డంగా వాలి, రెండు చేతులతో మణికట్లు అదిమి పట్టుకునేది. పిల్ల కొరికేది. తల్లి ముంజేతుల మీద పంటిగాట్లు ఒకటి మానేలోగా మరొకటి పడేవి. ఆమె చేతులు మాత్రం వదిలేది కాదు. వదిలితే సూది జారుతుంది, మళ్ళీ పొడవాలి.

పని అయ్యాక తలుపు తీస్తే బయట బల్ల మీద నుంచి నానమ్మ లేచి వచ్చేది.

"ఓలమ్మ, నా బంగారు తల్లీ! సంపేసేరే పిల్లని! ఆ రాకాసి పట్టుకోబట్టి గదా ఆళ్ళు పొడిసేరు. నానుంటే పొడవనిస్తానేటి?"

పిల్ల ఆమె భుజం మీద పడి వెక్కుతూ వేలు వెనక్కి చూపించేది. "అదే నన్ను పట్టేసింది నానమ్మా." అది అంటే తల్లి.

తండ్రి చాక్లెట్ విప్పి నోట్లో పెట్టేవాడు. పిల్ల ఏడుస్తూనే చప్పరించేది. తల్లి గదిలోనే ఉండి, దుప్పటి మడతపెట్టి, జాకెట్టు చేతులు కిందికి లాక్కుని, చివరన వచ్చేది.

మంచం దగ్గరా అంతే. తల్లి అన్నం కలిపితే పిల్ల కంచం తోసేసేది. తల్లి దుప్పటి కప్పితే తన్నేసేది. ఒకసారి ముద్ద నోట్లో పెట్టించుకుని, నమిలి, ఆమె మొహం మీద ఉమ్మింది. నానమ్మ నవ్వింది. "మరేటి! దానికి తెలీదేటి ఎవరు తనోళ్ళో?" తల్లి కొంగుతో తుడుచుకుని మరో ముద్ద కలిపింది.

ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడాలనుకున్నాను. కష్టమంతా ఒక్కరే మోస్తే పిల్ల మనసు వాళ్ళ మీదే విరుగుతుంది, పట్టుకోవడం అందరూ వంతులు వేసుకోండి అని చెప్పాను.

నానమ్మ నా వంక జాలిగా చూసింది. "నువ్వింకా సిన్నదానివమ్మి. నాను పట్టుకుంటే రేపది నా మొగం సూస్తాదేటి? కన్నది ఆయమ్మ. కన్నందుకు ఆపాటి పడాల."

తండ్రి తల దించుకున్నాడు. "నావల్ల కాదు సిస్టర్. నన్ను సూస్తే అది నవ్వుతాది. ఆ నవ్వు కూడా పోతే మరి నాకేటుంటాది?"

వాళ్ళకి విషయం తెలియక కాదు, నాకంటే బాగా తెలుసు. తెలిసే ఆ పని ఆమెకి వదిలేశారు.

"పోన్లెండి. నానే పట్టుకుంటాను" అంది తల్లి.

నేను ఊరుకోలేదు. పట్టుకోవడం నర్సుల పని, తల్లి తల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పాలి అని డాక్టరుగారిని ఒప్పించాను. ఏ కబుర్లు చెప్తావని తల్లినడిగితే చాలాసేపు ఆలోచించింది. రాయగడలో తన పుట్టింటి వెనక నుంచి రైలు పోతుందట. చిన్నప్పుడు గూడ్సు బండి వస్తే ఉతికిన బట్టల మీద మసి పడుతుందని వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి తీసేసేదట. అది చెప్తానంది. ఆ మాట చెప్తున్నప్పుడు మొట్టమొదటిసారి ఆమె నవ్వు చూశాను.

ఆ రోజు నేనూ ఇంకో సిస్టరూ పిల్లని పట్టుకున్నాం. తల్లి తల దగ్గర కూర్చుని, నుదుటి మీద చెయ్యి వేసి, "మా ఇంటెనకాల రైలు పోతాదే అమ్మీ..." అని మొదలుపెట్టింది. పిల్ల కళ్ళు తెరిచి ఆ మొహం చూసింది.

"ఇదెందుకొచ్చింది? పొమ్మను! దీన్ని పొమ్మను!"

ఆ ఒంట్లో అంత బలం ఎక్కడిదో, విల్లులా లేచిపోయింది. సూది జారింది. రక్తం దుప్పటి మీద పడింది. డాక్టరు విసుక్కుని, తల్లిని బయటికి పంపమని ఒడియాలో అన్నారు. నేను తెలుగులో చెప్పక్కర్లేకపోయింది. ఆమె లేచి వెళ్ళిపోయింది. నానమ్మ వచ్చి ఆ చోట కూర్చుంది. నర్సులు పట్టుకుంటుంటే తల నిమురుతూ మమ్మల్ని తిట్టింది. పిల్ల మునుపటిలా గింజుకోలేదు. ఒక్కసారికే సూది పడింది.

డాక్టరు సంతోషించారు. ఇకనుంచి ఇలాగే చెయ్యమన్నారు. పరిశోధన ప్రకారం కూడా అది మంచి ఫలితమే, పిల్ల బాధ తగ్గింది.

సాయంత్రం కుళాయి దగ్గర తల్లి ఆ దుప్పటి ఉతుకుతోంది. బాధపడకు, పిల్లకి సులువైంది కదా అన్నాను. ఆమె తలెత్తకుండానే మాట్లాడింది. "సూదేసినప్పుడైనా అది నా సేతుల్లో ఉండేది సిస్టరమ్మా. మిగతా ఏలప్పుడు ముట్టనివ్వదు గదా. ఆ కాసేపూ మీరు తీసేసేరు."

ఆ తర్వాత ఆమె ఆ గదిలోకి రాలేదు.

వానలు పట్టాక విశాఖపట్నం డాక్టర్లు ఇక తమ చేతుల్లో ఏమీ లేదన్నారు. పిల్లని మా దగ్గరికి తెచ్చారు. చిగుళ్ళ నుంచి రక్తం. మాట సన్నగిల్లింది. ఇంక పొడవొద్దు, నొప్పి తెలియకుండా నోటి మందు ఇద్దాం అని నిర్ణయమైంది. ఆ సంగతి నేనే పిల్లకి చెప్పాను. "ఇక సూదుల్లేవమ్మా. ఒట్టు." పిల్ల నన్ను చూసి, "అబద్దం" అంది. అదివరకు ఎంతమంది సిస్టర్లు ఆ మాట చెప్పి సూది తెచ్చారో. నానమ్మనైనా చెప్పమన్నాను, ఆమె మాటైతే నమ్ముతుంది కదా అని. తలూపింది. చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం పూట. కిటికీ బయట వానతో పాటు మంచు దిగి ఎదుటి చెట్లు కూడా కనబడడం లేదు. పిల్ల నానమ్మ ఒళ్ళో ఉంది. తండ్రి కాళ్ళ దగ్గర ఉన్నాడు. తల్లిని కొబ్బరినీళ్ళకి పంపారు. నేను పెదాలు తడుపుతున్నాను. పిల్ల కళ్ళు తిప్పి మంచం పక్కకి చూసింది.

"అమ్మేది?"

నానమ్మ వంగి చెవిలో అంది. "అమ్మెందుకే? అమ్మొస్తే సూదేస్తారు."

పిల్ల నోరు మూసుకుంది. మళ్ళీ అడగలేదు.

"సూది లేదమ్మా, అమ్మని తీసుకొస్తా" అని నేను పరిగెత్తాను. గేటు దగ్గర బండివాడి దగ్గర బొండాలు అయిపోయాయట, ఆమె బస్టాండు వైపు వెళ్ళిందట. తడుస్తూ వెతికాను, కనబడలేదు. తిరిగి వచ్చేసరికి పిల్ల పోయింది. ఆ వెనకే తల్లి వచ్చింది, చేతిలో బొండంతో, గాబరా ఏమీ లేకుండా. నానమ్మ ఆమెని చూసి అంది. "కడాకరికీ నిన్నడగలేదు."

తండ్రి గోడ వైపు తిరిగాడు. ఆయనా విన్నాడు ఆ పిల్ల అడగడం. ఏడుపుల మధ్య, అడిగిందమ్మా అన్న నా మాట ఎవరికీ అందలేదు. పిల్లని అంబులెన్సు ఎక్కించేశారు.

పిల్ల పోయిన కొన్ని వారాల తర్వాత కుటుంబాలని కలిసి మాట్లాడడం మా పనిలో భాగం. జయపురం వెళితే కోడలు పుట్టింటికి వెళ్ళిందన్నారు. రాయగడ వెళ్ళాను. అత్తవారు కొన్నాళ్ళు ఉండి రమ్మని పంపించారట, తీసుకెళ్ళడానికి మాత్రం ఎవరూ రాలేదట. ఆమె పెరట్లో చాట పట్టుకుని కందిపప్పు చెరుగుతోంది. కుశలమడిగింది. టీ ఇచ్చింది. ఆ మాట ఆమెకి చెప్పడం నా బాధ్యతనుకున్నాను. మనసు చల్లబడుతుందనుకున్నాను. పిల్ల నిన్ను అడిగిందమ్మా, చివరి మాట అదే అని చెప్పాను.

చాట ఆగింది. పెరటి వెనక నుంచి రైలు ఒకటి వెళ్ళిపోయింది.

"ఈ మాట నాకెందుకు సెప్పేవు?" అంది. గొంతులో కోపం లేదు, అందుకే భయమేసింది. "అది నన్నొద్దనుకుందని రేయీ పగలూ అనుకుని అనుకుని, గుండె రాయి సేసుకున్నాను. ఈమద్దెనే కాస్త నిద్రొస్తోంది. ఇప్పుడేటి సెయ్యమంటావు? అది పిలిస్తే నాను బొండం బేరమాడుతున్నానా?"

ఆమె నా చేతిలోంచి టీ గ్లాసు తీసుకుంది.

"ఎల్లు సిస్టరమ్మా. ఒదినొస్తాది."

వీధి తలుపు దాకా సాగనంపింది. మర్యాదకి లోటు చెయ్యలేదు.

నా పరిశోధన పూర్తయింది. పట్టుకోవడం తల్లి పని కాకూడదని, మొదటి సూది నుంచే ఆమె పిల్ల తల దగ్గర ఉండాలని రాశాను. కాలేజీలో మెచ్చుకున్నారు. వార్డులో సిబ్బంది చాలరు, ఇప్పటికీ తల్లులే పట్టుకుంటున్నారు.

మరుసటి ఏడు పిల్ల పుట్టినరోజుకి నానమ్మ వార్డుకి వచ్చింది, పళ్ళూ బిస్కెట్లూ తీసుకుని. కొడుక్కి మళ్ళీ సంబంధం కుదిరిందని చెప్పింది. మంచం మంచం దగ్గరా ఆగి, వచ్చిన తెలుగుతో, రాని ఒడియాతో తల్లులకి మనవరాలి కథ చెప్పింది. నా ఒళ్ళోనే పోయింది, నన్నే పిలిసింది అంటూ కళ్ళు ఒత్తుకుంది. నన్ను చూసి, "నువ్వున్నావు గదమ్మి, సెప్పు ఈళ్ళకి" అంది.

"లేదు. అమ్మేదని అడిగింది" అన్నాను.

ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. "అవును. ఎవులైనా అమ్మనే అడుగుతారు" అంది. సంచిలోంచి బత్తాయి తీసి నా చేతిలో పెట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్ళి అక్కడి తల్లికి మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.