కార్తీక మాసం అద్దె

1948. బరంపురం. ఒరిస్సా కొత్త రాష్ట్రమై పన్నెండేళ్లు అయినా మా కచేరీ వసారాలో అర్జీ తెలుగులో, బంట్రోతు పిలుపు ఒడియాలో, ఆర్డరు ఇంగ్లీషులో నడిచేవి. నేనొక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. అప్పుడే ఇళ్ల అద్దెల చట్టం కొత్తగా వచ్చింది. ఇంటాయన తనకు బుద్ధి పుట్టినప్పుడల్లా అద్దెకున్నవాళ్ల సామాను వీధిలో పడెయ్యడానికి ఇక వీల్లేదు. హౌస్ రెంట్ కంట్రోలర్ అనే అధికారికి కారణం చూపించి ఆర్డరు తెచ్చుకోవాలి. ఆ రోజుల్లో మాకదో కొత్త బొమ్మ. ఎవరు దొరుకుతారా, ఎప్పుడు ఆడదామా అని ఉండేది.

దొరికింది గోపాల్‌పూర్ గురమ్మ. భర్త వేటకెళ్లి సముద్రంలోనే పోయాడు. ఎండు చేపల వ్యాపారం మీద ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది. పదకొండేళ్లుగా ఉంటున్న ఇంటికి ఇటుక గోడలు, చేపలు ఆరబెట్టుకోవడానికి పెద్ద పెరడు. ఇంటి యజమాని బరంపురం సావుకారు. సముద్రం చూడ్డానికి వచ్చే దొరబాబులకు ఇవ్వాలని, ఎనిమిది రోజుల్లో ఖాళీ చెయ్యమన్నాడు. ఆ పెరడు పోతే గురమ్మ వ్యాపారమే పోయినట్టు.

"అద్దె చీటీ ఉందా?" అన్నాను.

"లేదు బాబూ."

"రసీదులు?"

"రసీదేటి బాబూ? ఆదివారం ఆదివారం పచ్చి సేప, నెలకో బుట్ట ఎండు సేపలు. అదే అద్దె. ఆయనే అడిగినాడు."

నా ఉత్సాహమంతా చప్పబడిపోయింది. రసీదు లేకపోతే కేసు లేదమ్మా అని మొహం మీదే చెప్పేశాను. నాకు తెలిసిన న్యాయశాస్త్రం అంతే మరి. గురమ్మ ఏడవలేదు. కొంగు బిగించి, "మీ ప్లీడరు బాబుకైనా ఒక పాలి సెప్పు" అంది. సిగ్గేసి లోపలికి వెళ్లి చెప్పాను. ఆయన అర్జీ వేయించారు.

సావుకారు తరఫున జవాబు వచ్చింది. ఆవిడ టెనెంట్ కాదట, లైసెన్సీ అట. అద్దె ఇచ్చి ఉండేవాడు టెనెంట్. యజమాని దయతో ఊరికే ఉండేవాడు లైసెన్సీ. కొత్త చట్టం కాపాడేది మొదటివాణ్నే. మరి ఆ చేపలో? విధవరాలు కృతజ్ఞత కొద్దీ తెచ్చి ఇచ్చేదట! చేపకు నోరుందా, నేను అద్దెనని చెప్పుకోవడానికి?

విచారణ రోజు పొద్దున్నే గురమ్మ ఇద్దరు పిల్లలతో వచ్చి, పిలుపు కోసం వసారాలో కూర్చుంది. దసరా వెళ్లింది, కార్తీకం దగ్గరపడుతోంది. ఆవిడ దిగులు మరిపిద్దామని వేళాకోళమాడాను. "పోనీలే గురమ్మా, కార్తీకంలో నీకు సెలవే కదా. సావుకారి ఇంట్లోకి నీసు రానివ్వరుగా!" కార్తీకం చివరి అయిదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదని మా గంజాం జిల్లాలో మాట. సావుకారి ఇంట్లో నెలంతా అదే నిష్ఠ.

గురమ్మ నన్ను వింతగా చూసింది. "సెలవేటి బాబూ? నీసు తినకపోతే అద్దె మానేత్తామేటి? ఆ నెలకి హుమ్మ ఉప్పు మడులకెల్లి ఉప్పు బస్తా తెచ్చి ఏత్తాను."

లేచి నిలబడ్డాను. "ప్రతి ఏడూనా?"

"పెతి ఏడూనే. ఏటి, అలా సూత్తన్నావు?"

నేను ఆగితేనా! చెప్పులు వసారాలోనే వదిలేసి పరుగెత్తాను. లోపల అప్పటికే సావుకారి క్రాస్ ఎగ్జామినేషన్, అంటే మా ప్లీడరు గారు ఆయన్ని నిలబెట్టి ప్రశ్నలు వెయ్యడం, మొదలైంది. చీటీ రాసి మా ప్లీడరు గారి ముందుకు తోశాను: 'కార్తీకంలో ఏమిచ్చేదో అడగండి.' ఆయన చదివారు. మీసం కింద చిన్న నవ్వు.

"సావుకారు గారూ, కార్తీకంలో మీరు చేప తింటారా?"

సావుకారు ఛాతీ పొంగింది. "రామ రామ! ఆ నెల మా గుమ్మంలోకి నీసు రాదండి."

"అయితే ఆ నెల గురమ్మ ఏమీ ఇవ్వదన్నమాట."

"ఎందుకివ్వదండి? ఉప్పు ఇస్తాది. హుమ్మ ఉప్పు, బస్తాడు."

"ఎప్పుడూ తప్పలేదా?"

"ఒక ఏడు తుపాను ఒచ్చి ఆలస్యం సేసింది. నాను ఊరుకుంటానేటి? మనిషిని పంపి తెప్పించినాను!"

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. కంట్రోలర్ ఒడియా ఆయన, కానీ గంజాం ఉద్యోగం ఆయనకు తెలుగు బాగా నేర్పింది. కలం కింద పెట్టి నెమ్మదిగా అడిగారు. "కృతజ్ఞతతో ఇచ్చేది ఆలస్యమైతే, మనిషిని పంపి వసూలు చేస్తారా?"

హాలంతా ఘొల్లున నవ్వింది. నాకైతే బల్లెక్కి గంతెయ్యాలనిపించింది. కానుకైతే తినని నెలలో ఆగిపోతుంది. అద్దె కాబట్టే ఉప్పై వచ్చింది! గురమ్మ టెనెంటేనని, తమ ఆర్డరు లేకుండా కదిలించరాదని, ఇకనుంచి ప్రతి నెలా రసీదు ఇవ్వాలని కంట్రోలర్ ఆర్డరు రాశారు. ఆ ఆర్డరు నకలు పట్టుకుని గోపాల్‌పూర్ బస్సు ఎక్కినప్పుడు పెళ్లికి వెళ్తున్నట్టే ఉంది నాకు.

ఆ తరవాత ఇరవై ఏళ్లు గుమాస్తాగా ఉన్నాను. కక్షిదారు వస్తే కాగితం ఏదని ముందు అడగడం మానేశాను. ఏం చేసేవారు, ఎలా జరిగేది, జరగని నెల ఏం చేశారు అని అడిగేవాణ్ని. సగం కేసులు ఆ జవాబులోనే ఉండేవి.

కేసు గెలిచిన ఆ కార్తీకంలోనే గురమ్మ మళ్లీ కచేరీకి వచ్చింది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం నా చేతిలో పెట్టింది. సావుకారు ఇచ్చిన మొదటి రసీదు.

"ఏటి రాసినాడు, సదువు బాబూ."

"కార్తీక మాసం అద్దె కింద ఉప్పు ఒక బస్తా ముట్టినది."

"అద్దె అనే రాసినాడా?"

"అద్దె అనే."

మూడుసార్లు చదివించుకుంది. పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులా కాగితం తీసుకుంది.

"అయితే నానింక ఆయన దయ మీద లేను బాబూ. నా ఇంట్లో ఉన్నాను."